ఏర్గట్ల అల్లుడు చూడని గోల్

మా జిల్లా హాకీ సంఘం అధ్యక్షుడు గోల్ కానిదాన్ని గోల్ అన్నాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టినా, మధ్యలో ఎవరో ఒకరు చాయ్ తెప్పించి మాట మార్చేస్తారు.

అప్పటికి అతను అధ్యక్షుడు కాడు. ఇద్దరం కాలేజీలో ఉన్నాం. జిల్లా జట్టు ఎంపిక కోసం నిజామాబాద్‌లో పోటీ పెట్టారు. నేను గోల్‌కీపర్‌ని. అతను కొట్టిన బంతిని నేను గీత మీద ఆపాను. గీత మీద అంటే గీత మీదనే, గీత వెనక కాదు. కానీ పొద్దున్నుంచి ఆడినవాళ్ల కాళ్ల కింద పడి ఆ సున్నం గీత మాసిపోయి ఉంది. అతను కర్ర పైకెత్తి గోల్ అని అరిచాడు. డ్రిల్లు సారు ఆ సమయంలో మైదానం అంచున నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నాడు. అరుపు విని, బజ్జీ పట్టుకున్న చేత్తోనే విజిల్ ఊదాడు. మరునాడు జిల్లా జట్టు రైలెక్కింది. నేను బోధన్ బస్సెక్కాను.

ఇది జరిగి పాతికేళ్ల పైమాటే. "ఇంకా ఎందుకు తవ్వుతవ్?" అని అడిగినవాళ్లంతా నాకు గుర్తున్నారు.

బోధన్ రోడ్డు మీద, చెరుకు ట్రాక్టర్లు పోయే దారి పక్కన నాకు ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. బాల్కొండ నుంచి చేపలు తెచ్చే వ్యాన్లకు, పెళ్లిళ్లకు, చెరుకురసం బండ్లకు మా ఐసే. కంప్రెసర్ నడిపే మనిషిది ఏర్గట్ల. మెథడిస్టు కుటుంబం. ఆదివారం ఆరాధన ముగిశాకే పనిలోకి వస్తాడు. ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య చాలా మాటలు జరిగాయి, అవి ఇక్కడ రాయను. అతని కూతురు నర్సు చదివి, ఫిన్లాండ్‌లో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో పనికి వెళ్లింది. అక్కడే ఒక తెల్లాయనను పెళ్లి చేసుకుంది. ఈ మధ్య, చలి తగ్గి ఎండ మొదలయ్యే రోజుల్లో, అతన్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. మనకు అది ఇంకా ఎండ కాదు. అతనికి మాత్రం మొహం టమాటా పండులా అయిపోయింది. మామగారు అల్లుడి బాధ చూడలేక, జిల్లాలో చల్లగా ఉండే ఒకే ఒక్క చోటికి, అంటే నా ఫ్యాక్టరీకి తీసుకొచ్చాడు.

"పెద్దబాపూ, ఈయన ఇంట్ల కూసుంట లేడు. ఉడుకపోస్తున్నదంటుండు. జెరసేపు గిక్కడ ఉంటడు," అంది ఆ అమ్మాయి.

కుర్చీ వేయించాను. అతను కుర్చీలో కూర్చోలేదు. అప్పుడే డబ్బాలోంచి తీసిన ఐసు దిమ్మ దగ్గరికి పోయి, గొడ్డును నిమిరినట్టు నిమిరాడు. ఏదో చాలాసేపు మాట్లాడాడు. అమ్మాయి నా వైపు చూసి నవ్వింది.

"ఏమంటుండు?"

"ఏం లేదు పెద్దబాపూ. మంచిగున్నదంటుండు."

"గంతసేపు మాట్లాడింది మంచిగున్నదననీకేనా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"నడుమల తెల్లగున్నదట. బుడగలున్నయట. నీళ్లను కలుపుకుంట గడ్డకట్టిస్తే అద్దం లెక్క వస్తదట."

నా ఐసు మీద చేపలు పడుకున్నాయి, పెళ్లిళ్లలో కూల్‌డ్రింకులు పడుకున్నాయి, ఇంతవరకు ఎవరూ బుడగల మాట ఎత్తలేదు. దాన్ని ఎత్తడానికి ఒక మనిషి అంత దూరం నుంచి రావాల్సి వచ్చింది. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

"నీ మొగనికి ఐసు గురించి ఏం ఎర్క?" అని అడిగాను.

అప్పుడు చెప్పింది. అతను ఐసు మీద హాకీ ఆడేవాడట. సరదాకి కాదు, అదే ఉద్యోగం, నెల జీతం. కాళ్లకు, అడుగున కత్తిలాంటి ఇనుప పట్టీ ఉన్న బూట్లు వేసుకుని, బంతికి బదులు నల్ల రబ్బరు బిళ్లను కొడతారట. నేను వెంటనే ఏ స్థానంలో ఆడేవాడని అడిగాను.

"గోల్‌కీపర్ పెద్దబాపూ."

లేచి వెళ్లి అతని చేయి పట్టుకున్నాను. బుడగల మాట కూడా సగం మాఫ్ చేశాను. అప్పుడు ఆ అమ్మాయి అంది: "రెండో గోల్‌కీపర్."

ఆ ఆట ఆడే చోటు చుట్టూ నడుమెత్తు గోడ ఉంటుందట. ఆ గోడ వెనక ఒక బల్ల, బల్ల పక్కన చిన్న తలుపు. ఆట ఆగకుండానే మనుషులు మారుతూ ఉంటారట. అలసినవాడు పరుగున వచ్చి ఆ తలుపులోంచి లోపల పడాలి, ఇంకొకడు బయటికి దూకాలి. ఆ తలుపు తీసి వేసే పని రెండో గోల్‌కీపర్‌ది. ఎందుకంటే మొదటి గోల్‌కీపర్‌కు ఏదైనా అయితే తప్ప అతనికి వేరే పని ఉండదు. మొదటివాడికి సాధారణంగా ఏమీ కాదు. ఏర్గట్ల అల్లుడు తను పుట్టిన ఊరి జట్టులో తలుపు తీశాడు. ఇంకా ఉత్తరాన, సూర్యుడే కనబడని ఒక ఊళ్లో తలుపు తీశాడు. స్వీడన్‌లో ఒక చిన్న జట్టు వాళ్లు పిలిచి ఒప్పందం రాసుకుంటే, వెళ్లి అక్కడా తలుపు తీశాడు. చివరికి ఏం ఆడకుండానే మోకాళ్లు పోయాయి, రోజూ సాధన మాత్రం అందరితో పాటు చేయాలి కదా. ఇప్పుడు తన ఊరి ఐసు హాల్లో, ఐసును నున్నగా చేసే బండి నడుపుతున్నాడు.

"ఒక్కపారన్నా ఆడలేదా?"

అమ్మాయి అడిగింది. అతను వేలు ఒకటి పైకెత్తాడు.

"ఒక్కపారి మొదటాయనకు దెబ్బ తాకింది. ఈయన ముసుగేసుకొని ఉరికిండు. అవుతలోళ్లు ఈయన దిక్కు బిళ్ల కొట్టకముందే టైం అయిపాయె. గా ఏడాది ఈయన ఒక్క గోల్ సుత ఇయ్యలే అని పేపర్ల రాసిండ్రు."

"కోపం రాలేదా?" అన్నాను.

"ఎవల మీద, అంటుండు."

"ఎవల మీదనన్నా సరే!"

అతను కొంచెం ఆలోచించి చెప్పాడు. అమ్మాయి తెలుగులో అంది: "తలుపు నేను మంచిగ తీస్తుంటి. తలుపు జెర ఆలస్యమైతే అవుతలోళ్లు గోల్ కొడ్తరు. నేనున్నప్పుడు తలుపు కాడ గోల్ కాలే, అంటుండు."

నాకు జాలేసింది. ఒక మనిషిని ఇన్నేళ్లు బల్ల మీద కూర్చోబెడితే, వాడికి మిగలాల్సిన కనీస ఆస్తి కోపం. అది కూడా లేకుండా ఫిన్లాండ్ ఇతన్ని పంపేసింది. అందుకే నా గోల్ సంగతి మొత్తం చెప్పాను. సున్నం, బజ్జీ, విజిల్, బస్సు, అన్నీ. అమ్మాయి ఒక్కో మాటా అతనికి అప్పజెప్పింది. అంతా విని అతను ఒకే ప్రశ్న అడిగాడు.

"గీత కనవడ్డదా, అంటుండు."

నా పక్షాన ఉండవలసిన మనిషి అడగవలసిన ప్రశ్న కాదు అది.

ఇంతలో ఎవరో విలేకరికి కబురు తెలిసి, 'ఏర్గట్ల అల్లుడు అంతర్జాతీయ హాకీ వీరుడు' అని జిల్లా పేజీలో వేశాడు. మూడో నాడు అధ్యక్షుడి కారు నా ఫ్యాక్టరీ ముందు ఆగింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అతనికి ఆటవస్తువుల దుకాణం ఉంది. అందులో బంతులకంటే షీల్డులు, మెమెంటోలు ఎక్కువ అమ్ముడుపోతాయి. మా జిల్లాలో ఆటల పరిస్థితి ఏమిటో ఆ అరలు చూస్తే చాలు.

"అన్నా, ఎట్లున్నవ్? మస్తు దినాలాయె!"

"దినాలు లెక్కపెట్టుకున్నోనికి తెలుస్తది. ఏం పని పడ్డది?"

పని ఏమిటంటే, అల్లుడికి సన్మానం. దానితోపాటు, జిల్లాలో మొదటిసారిగా ఐసు హాకీ ప్రదర్శన. బోధన్‌లో ఒక ఫంక్షన్ హాలు వెనక సిమెంటు వాకిలి ఉంది, దాని మీద నా ఐసు దిమ్మలు పరవాలి.

"నీ పేరు గూడ చెప్తమన్నా, మైకుల."

"నా పేరు నాకు తెలుసు. ఐసుకు పైసలు గూడ వద్దు. నువ్వు మైకుల ఒక్క ముచ్చట చెప్పాలె. అప్పుడు నువ్వు కొట్టింది గోల్ కాదని."

అతను నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు.

"గది ఇంక యాదికున్నదా నీకు?"

"నీకు లేదా?"

"అన్నా, పోరలం అప్పుడు. డ్రిల్లు సారు గూడ పాయె పాపం."

"సారు పోయిండు. నువ్వున్నవ్ గద. గోల్ కాదు అని అంటే అయిపాయె. పెదవులేం అరగవు."

చాలాసేపు తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. బయట చెరుకు ట్రాక్టర్ ఒకటి అతని కారును రాసుకుంటూ పోయేసరికి, "సరే తియ్యన్నా. సన్మానం కాంగనే చెప్త," అనేసి పరుగెత్తాడు. నేను దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకున్నాను.

సన్మానం రోజు తెల్లవారుతూనే దిమ్మలు పరిచాం. దిమ్మకూ దిమ్మకూ మధ్య సందుల్లో చిటికెడు ఉప్పు చల్లి ఒత్తితే అతుక్కుంటాయి. ఆ పని మా కంప్రెసర్ ఆపరేటర్ చేశాడు. అల్లుడు లుంగీ కట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, వేడినీళ్లలో గోనెపట్ట ముంచి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తుడిచాడు. వేడినీళ్లు పోస్తే కరుగుతుందని నేను మొత్తుకున్నాను. కరగలేదు. నున్నగా అయింది. దీని గురించి ఎక్కువ రాయను. చెరుకు గడలు పాతి, చేపల వల కట్టి గోల్ తయారు చేశాం. రబ్బరు బిళ్లను ట్రాక్టర్ టైరు నుంచి కోశాం. గోల్ గీతకు ఏ రంగు వేయాలా అని చూస్తుంటే అధ్యక్షుడు వచ్చి, "మన జిల్లా పసుపు ఉండంగ రంగులెందుకు?" అన్నాడు. పసుపు కలిపి, ఐసు మీద చక్కని గీత గీశారు. పైన షామియానా. ఎండ ఇంకా ఎక్కలేదు. నిజం చెప్పాలంటే ఆ వాకిలి అంత అందంగా ఎప్పుడూ లేదు.

అల్లుడు లేచి నిలబడి, అంతా ఒకసారి చూసి, భార్యతో ఏదో అన్నాడు.

"ఇప్పుడే ఆడాలెనట. జెర్రసేపైతే ఐసు ఉండదట," అంది అమ్మాయి.

"గట్లెట్లయితదమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. "ముఖ్య అతిథి రావాలె, జ్యోతి వెలిగియ్యాలె, సన్మానం కావాలె. ఉత్తగనే ఆడుడు మొదలువెడ్తరా ఎక్కడన్నా?"

ఆమె ఆ మాటను ఫిన్నిష్‌లో చెప్పడానికి చాలా కష్టపడింది. జ్యోతికీ హాకీకీ ఏమిటి సంబంధమని అతను అడిగాడనుకుంటాను. ఆమె చేతులు తిప్పింది. అతను తలూపి, వాకిలికి ఉన్న ఇనుప గేటు పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అలవాటు.

ముఖ్య అతిథి ఒక పెళ్లిలో అక్షింతలు వేసి, ఇంకో ఊళ్లో బోరు ప్రారంభించి, భోజనాల వేళకు వచ్చాడు. అప్పటికి ఐసు మీద వేలెడు నీళ్లు నిలిచాయి. జ్యోతి వెలిగించారు. గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించారు. శాలువాలు కప్పడం మొదలైంది. శాలువాలు తెచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అల్లుడు ఉన్ని శాలువాల కింద చెమటతో తడిసిపోతున్నాడు, ముందర ఐసు కరిగిపోతోంది. రెండింటి గురించీ ఎవరికీ పట్టింపు లేదు. అధ్యక్షుడు అతనికి రిబ్బను కట్టిన హాకీ కర్ర బహూకరించాడు. మైదానంలో ఆడే హాకీ కర్ర. బీడీ తాగేవాడికి హుక్కా ఇచ్చినట్టు.

తర్వాత ఉపన్యాసం. "మన ఏర్గట్ల అల్లుడు ప్రపంచంల అన్ని కప్పులు గెలిచిండు. ఒలింపిక్సుల మెడల్ కొట్టిండు. గోల్ కాడ నిలవడ్డడంటే ఈగ సుత లోపటికి పోకపోతుండె!"

అమ్మాయి అతని చెవిలో అనువదించింది. అతని మొహం మరింత ఎర్రబడింది. లేచి, మైకు అడిగి తీసుకుని, రెండు ముక్కలు మాట్లాడాడు. ఆమె తలొంచుకుని చెప్పింది: "గవన్ని అబద్ధాలట. ఈయన తలుపు తీసెటోడట."

ముఖ్య అతిథి వెంటనే చప్పట్లు మొదలుపెట్టాడు.

"సూసిండ్రా! గింత పెద్ద ప్లేయరయ్యి గూడ తలుపు తీసెటోన్నని చెప్పుకుంటుండు. గిదీ సంస్కారమంటే!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంకో శాలువా కప్పారు. నేను చూస్తూనే ఉన్నాను. నిజం చెబితే శాలువా కప్పే సభ అది. ఇక నా నిజం ఎంతసేపు, అనుకున్నాను.

అప్పుడే ఎవరో ఐసు పోతోందని అరిచారు. అధ్యక్షుడు నా వైపు చూశాడు. ఉప్పు నా సలహానే, కాదనను. కానీ నేను సందుల్లో చిటికెడు అన్నాను. ఆయన వంటశాల నుంచి బస్తా తెప్పించి, అక్షింతలు చల్లినట్టు నాలుగు దిక్కులా గుమ్మరించాడు. "ఐసు ఫ్యాక్టరీల గూడ ఉప్పునీళ్లే గద పోస్తరు, ఇంక గట్టివడ్తది," అని పక్కవాళ్లకు వివరించాడు కూడా. ఫ్యాక్టరీలో ఆ ఉప్పునీళ్లు డబ్బాల బయట ఉంటాయి, ఐసు మీద కాదు. దిమ్మలు ఒకదానికొకటి విడిపోయి, అలిగిన అన్నదమ్ముల్లా తలో దిక్కు జారాయి. పసుపు గీత కరిగిన నీళ్లలో లేచి, తీరిగ్గా గోల్ లోపలికీ బయటికీ తిరిగింది.

సన్మానం అయిపోయింది. నేను వేదిక మెట్ల దగ్గర నిలబడ్డాను. అధ్యక్షుడు నన్ను చూసి, మైకులో, "ఇంకొక్క ముఖ్యమైన విషయం..." అన్నాడు. నేను ఒక మెట్టు ఎక్కాను. "భోజనాలు తయారున్నయి."

జనం కదిలారు. ముఖ్య అతిథి కారెక్కాడు. నేను అధ్యక్షుడి దారికి అడ్డం నిలబడ్డాను.

"మాటిచ్చినవ్."

"అన్నా, జనాలు పోతుండ్రు, ఇప్పుడు ఎవలు వింటరు?"

"ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే?"

గొంతులు లేచాయి. అమ్మాయి అల్లుడికి విషయం చెప్పింది. అతను శాలువాలన్నీ తీసి కుర్చీ మీద పెట్టి, నన్నూ అధ్యక్షుడినీ చూసి, గోల్ వైపు చేయి చూపించాడు.

"మాటలెందుకు, మళ్ల ఒక్కపారి కొట్టుమనుండ్రి, అంటుండు," అని చెప్పేసి, ఎవరో పిలిస్తే ఆమె వడ్డనకు వెళ్లిపోయింది.

నేను ఫ్యాక్టరీలో వేసుకునే గమ్‌బూట్లు వేసుకుని గోల్‌లో నిలబడ్డాను. మోకాళ్లు వంచేసరికి, ఇన్నేళ్లు ఎక్కడున్నావని అడిగాయవి. అధ్యక్షుడు రిబ్బను కట్టిన ఆ హాకీ కర్రే తీసుకున్నాడు. తెల్ల ప్యాంటు పైకి మడిచాడు. రెండడుగులు పరుగెత్తి, కర్ర ఊపాడు. ఊపిన క్షణంలోనే కాళ్లు పైకి లేచాయి. దబ్బున ఉప్పునీళ్లలో కూలబడ్డాడు. బిళ్ల మాత్రం నీళ్లు చీల్చుకుంటూ వచ్చి నా బూటుకు తగిలి ఆగింది.

"గోల్!" అని కూర్చున్నచోటి నుంచే అరిచాడు.

కిందికి చూశాను. నా ముందు పసుపు నీళ్లు. నా కింద పసుపు నీళ్లు. నా వెనక, వల దాకా, పసుపు నీళ్లు.

"గీత ఏది?" అన్నాను.

లేవబోయాడు. జారాడు. మళ్లీ లేవబోయాడు, మళ్లీ జారాడు. చివరికి చేయి చాచాడు.

"అన్నా, జెర చెయ్యియ్యి."

"ముందు చెప్పు."

"గిది గోలే."

"గిది నువ్వే ఉంచుకో. అప్పటిది చెప్పు."

ఉప్పునీళ్లు అతని ప్యాంటులోకి ఇంకుతున్నాయి. అవి ఎంత చల్లగా ఉంటాయో ఫ్యాక్టరీ వాడిగా నాకు తెలుసు. అతను అటూ ఇటూ చూశాడు. చాలా నెమ్మదిగా, నీళ్లతో చెబుతున్నట్టుగా అన్నాడు.

"గోల్ కాదు. నువ్వు గీత మీదనే ఆపినవ్. అయిపాయెనా? లేపు ఇంక."

లేపాను. లేపుతూనే సాక్షుల కోసం చుట్టూ చూశాను. వాకిట్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఏర్గట్ల అల్లుడు. బగారన్నం దేగ్‌చా మోసుకొస్తున్నవాళ్ల కోసం ఇనుప గేటు తీసి పట్టుకుని, మాకు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. దేగ్‌చా దేనికీ తగలకుండా లోపలికి పోయింది. అతను గేటు జాగ్రత్తగా వేసి గొళ్లెం పెట్టి, ఇటు తిరిగి, ఏమైంది అన్నట్టు చేతులు చూపించాడు.

వారం తర్వాత కంఠేశ్వర్ దుకాణానికి వెళ్లాను. అరల నిండా షీల్డులు మెరుస్తున్నాయి.

"నేనెప్పుడన్ననే?" అన్నాడు. "ఉప్పునీళ్లు నీ చెవులల్లకు పోయినట్టున్నయి. విన్నోళ్లు ఎవలన్నా ఉంటే తోల్కరా."

విన్నవాడు అప్పటికే విమానం ఎక్కేశాడు. ఆపరేటర్ చేత కూతురికి ఫోన్ చేయించి, మీ ఆయన ఏం చూశాడో, ఏం విన్నాడో ఉన్నది ఉన్నట్టు అడగమన్నాను. రెండు రోజులకు ఆమె గొంతుతో సందేశం వచ్చింది.

"పెద్దబాపూ, అడిగిన. ఆయన చూడలేదట, గేటు కాడున్నడట. తెలుగు గూడ రాదాయె. కానీ గా అధ్యక్షుడు సారు రెండు సార్లు మాట్లాడింది ఇన్నడట. ఒకపారి గట్టిగ అన్నడట, ఇంకోపారి మెల్లగ అన్నడట. మెల్లగ అన్నదే నిజం కావచ్చు, అంటుండు. ఇంకోటి అడుగుతుండు, ఐసు గడ్డకట్టంగ నీళ్లు కలుపుతున్నవా అని."

ఆ సందేశాన్ని అధ్యక్షుడికి వినిపించాను. చెల్లదన్నాడు. సంఘం కార్యదర్శికి వినిపించాను. చాయ్ తెప్పించాడు. చేపల వ్యానువాళ్లకు వినిపించాను. వాళ్లు నా వైపే ఉన్నారు, కాకపోతే ఐసు తొందరగా ఎక్కించమన్నారు. నీళ్లు కలుపుతున్నానా లేదా అనేది నా ఫ్యాక్టరీ లోపలి విషయం.

చలికాలంలో వాళ్లు మళ్లీ వస్తారట. ఈసారి గేటు లేని వాకిలి ఒకటి వెతుకుతున్నాను.